మచ్చ లేని చెయ్యి

ఇస్త్రీ కొట్టు,
జులై 9

నర్సుకి,

నా పేరు మీ చీటీల్లో వెతికినా దొరకదు. సందంతా నన్ను ఇస్త్రీ పెద్దమ్మ అంటారు. వయసు డెబ్బై ఒకటి. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. ఇంట్లో ఉండేది ఇద్దరం, నేనూ నా చెల్లెలూ. దాన్ని చిన్నదంటాం. చిన్నదంటే పసిపిల్ల కాదు, దానికీ అరవై మూడు వచ్చాయి. ఇద్దరికీ మొగుళ్ళు పోయి పాతికేళ్ళు. దానికో కూతురుంది, పొరుగూళ్ళో బస్సు కండక్టరు. నాకు వెనకా ముందూ ఎవరూ లేరు. చదువు రాదు. మేడ మీది టైపు మాస్టారు రాస్తున్నాడు. మొదట్లో ‘గౌరవనీయులైన’ అని పెట్టాడు. కొట్టేయించాను.

నా కేసు విను. జనవరిలో చిన్నది తల తిరుగుతోందని మీ ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. నువ్వే చేతికి పట్టీ కట్టి బీపీ చూశావు. ఒక్కరోజు చూసి చెప్పలేం, ఇంకో రెండు రోజులు రమ్మన్నావు. వచ్చింది. మూడు సార్లూ పై అంకె నూట డెబ్బై దగ్గరే ఆడింది. డాక్టరు రోజుకో మాత్ర రాశాడు. నెలకోసారి వచ్చి చూపించుకుని మాత్రలు పట్టుకెళ్ళమన్నావు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే. నాలుగు నెలలూ పై అంకె నూట ముప్పై లోపేనని నీ చేత్తో చీటీ మీద రాశావు. మాస్టారి చేత రెండు సార్లు చదివించుకున్నాను.

జూన్ పదకొండు పొద్దున దుప్పటి కాలుతున్న వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే చిన్నది ఇస్త్రీ పెట్టె మీద చెయ్యి వేసి అలాగే నిలబడి ఉంది. “ఏమే, నిద్రపోతున్నావా?” అన్నాను. మూతి పక్కకి పోయింది. పెద్దాసుపత్రిలో మెదడులో నరం చిట్లిందన్నారు. పై అంకె రెండు వందల పది. అక్కడి డాక్టరు చీటీ తిరగేసి, “ఇంత బాగున్న బీపీకి ఇదేం రోగం? ఈ అంకెలు రాసింది ఎవరు?” అన్నాడు. ఎవరు రాశారో నీకు నేను చెప్పాలా?

మరునాడే మీ కేంద్రానికి వచ్చి నీ బల్ల మీద కొట్టి అడిగాను. నువ్వు నోరు విప్పలేదు. దాని కూతురు ఫిర్యాదు రాసింది, నేను వేలిముద్ర వేశాను. నిన్ను ఊరు మార్చారట. విచారణ పెడతారట. తప్పు తేలితే ఉద్యోగం ఊడుతుందట. ఊడనీ.

ఆ పిల్ల నాతో ఏమందో తెలుసా? “నర్సు తప్పు కాబట్టి ఊరుకుంటున్నాను పెద్దమ్మా. నీ అజాగ్రత్త అయ్యుంటే అమ్మని ఈ పూటే మా ఇంటికి పట్టుకుపోయేదాన్ని.” నాతో అలా మాట్లాడిన మనిషి ఇంతవరకు లేదు. అయినా పడ్డాను. ఎవరి వల్ల పడ్డాను? నీ వల్ల.

చిన్నదానికి కుడి చెయ్యీ కుడి కాలూ లేవవు. మాట రాదు. ఎప్పుడూ పడుకునే ఉంటుంది. నిన్నటి నుంచి నడుం కింద ఎర్రబడింది. ఇది నిన్ను అడగాలని కాదు. చెప్పాలనిపించి చెప్పాను.

ఇస్త్రీ పెద్దమ్మ

*

ఆరోగ్య కేంద్రం క్వార్టరు,
జులై 17

పెద్దమ్మగారికి నమస్కారం.

ఉత్తరం అందింది. మీ కోపం సంగతి తరవాత, ముందు నడుం సంగతి.

ఎర్రబడిన చోట రుద్దకండి. నూనె వద్దు, పౌడరు వద్దు. వేలితో నొక్కి వదిలి చూడండి. నొక్కినప్పుడు తెల్లబడి, వదలగానే ఎరుపు తిరిగి వస్తే భయం లేదు. నొక్కినా ఎర్రగానే ఉంటే మాత్రం ఆ రోజే కొత్త నర్సుని ఇంటికి పిలవండి. రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. తిప్పేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగవద్దు, భుజం కీలు జారుతుంది. ఆ చేతి కింద ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టండి. పక్క దుప్పటిలో ఒక్క ముడత కూడా ఉండకూడదు. మీకు దుప్పటి పాఠం చెబుతున్నందుకు నవ్వుకోండి.

పడుకోబెట్టి నీళ్ళు పోయకండి. కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చెంచాతో ఇవ్వండి. మింగాక గొంతులో గరగర వినిపిస్తే ఆపెయ్యండి. తిండి చిక్కగా, మెత్తగా ఉండాలి. ఉప్పు సగానికి సగం తగ్గించండి.

మాత్రలు రోజూ ఒకే వేళకి వెయ్యాలి. తల నొప్పిగా ఉన్నా వెయ్యాలి, తేలిగ్గా ఉన్నా వెయ్యాలి. బీపీకి నోరు లేదు పెద్దమ్మగారూ. అది ‘వచ్చాను’ అని చెప్పదు, ‘పోయాను’ అనీ చెప్పదు.

ఫిర్యాదు నకలు నాకు ఇచ్చారు. అక్టోబరు పద్దెనిమిదిన విచారణ. నా జవాబు ఇంకా రాయలేదు. రాసే ముందు మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను. ఆ నాలుగు నెలలూ చిన్నమ్మగారు చూపించుకోవడానికి వచ్చినప్పుడు మీరు వెంట వచ్చారా?

ఇట్లు,
నర్సు

*

ఇస్త్రీ కొట్టు,
ఆగస్టు 12

నర్సుకి,

వెంట రావడమా? ఇద్దరం వస్తే కొట్టు నువ్వు చూస్తావా? దాని వెంట నేను ఒక్కరోజు కూడా రాలేదు. మాస్టారి చేత ఈ మాట కింద గీత గీయిస్తున్నాను. ఆరా తీయడానికి నువ్వేమన్నా పోలీసువా?

నడుం ఎరుపు నాలుగు రోజులకి తగ్గింది. రెండు గంటలకోసారి తిప్పమన్నావు కదా, గడియారం చూడటం రాదు నాకు. మేడ మీద మాస్టారు గంట కొట్టినట్టు కర్రతో నేల కొడతాడు, నేను తిప్పుతాను. ఒకసారి ఆయన కునుకు తీసి ఆలస్యంగా కొట్టాడు. అడిగితే, “ఏమ్మా, నాకు పింఛను ఇచ్చింది దీనికేనా?” అంటాడు.

దానికి మాట వచ్చింది. మొదటి మాట ‘పెట్టె’. మళ్ళీ ‘పెట్టె, పెట్టె’ అని గోల. ఏమిటా అని చూస్తే ముందు గదిలో నేను ఇస్త్రీ పెట్టె ఆపకుండా వచ్చేశాను. పాతికేళ్ళు అన్నం కలిపి పెట్టింది నేను, మొదట పిలిచింది ఇస్త్రీ పెట్టెని. ఏడ్చాననుకునేవు, ఏడవలేదు. తిట్టాను.

కొత్త నర్సు వారానికోసారి ఇంటికి వస్తోంది. నీలా కాదు. వచ్చాక అయిదు నిమిషాలు ఊరికే కూర్చుంటుంది. చెయ్యి గుండె ఎత్తులో దిండు మీద పెట్టిస్తుంది. రెండు సార్లు చూస్తుంది. అంతసేపూ మాట్లాడొద్దని నన్ను కసురుతుంది. పట్టీ దాని చేతికి, తాళం నా నోటికి! మొన్న నూట యాభై రెండు, తొంభై అంది. ఇంకా దిగాలంది.

ఒకటి అడుగుతాను, ఊరికే. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళకి ఈ అంకెలు ఒకేలా ఉంటాయా?

ఇస్త్రీ పెద్దమ్మ

*

ఆరోగ్య కేంద్రం క్వార్టరు,
సెప్టెంబరు 5

పెద్దమ్మగారికి,

ఉండవు. తల్లి ఒకరే అయినా ఎవరి రక్తనాళాలు వాళ్ళవే. ఒకరి అంకె ఇంకొకరికి పనికిరాదు.

ఆ ప్రశ్న మీరు ఎందుకు అడిగారో నేను అడగను. నా సంగతి నేను చెప్పుకుంటాను.

జనవరిలో చిన్నమ్మగారి ఎడమ చేతికి పట్టీ కడుతుంటే మోచేతి కింద కాలిన మచ్చ కనిపించింది. కొనదేలిన మచ్చ. “ఇదేమిటమ్మా?” అన్నాను. “ఇస్త్రీ పెట్టె ముద్దు పెట్టుకుందమ్మా, పెళ్ళయిన కొత్తలో” అంది. వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

ఫిబ్రవరిలో అదే చీటీ, అదే ఎడమ చెయ్యి నా బల్ల మీదికి వచ్చాయి. అరవై మంది వరుసలో ఉన్నారు. చీటీ చూశాను, మనిషిని చూడలేదు. నూట ఇరవై ఎనిమిది వచ్చింది. సంతోషంగా రాసుకున్నాను. మా గోడ మీద ఒక పట్టిక ఉంటుంది, బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళు ఎందరని. ఆ నెల మా పై అధికారి దాన్ని చూసి మెచ్చుకున్నారు. మార్చిలోనూ అంతే.

ఏప్రిల్లో పట్టీ విప్పుతుంటే మచ్చ లేదని తట్టింది. మణికట్టు దగ్గర ఒక ఎముక పక్కకి పొడుచుకొచ్చి ఉంది, ఎప్పుడో విరిగి వంకరగా అతికినట్టు. తల ఎత్తబోయాను. వెనక ఎవరో “ఇంకెంతసేపు?” అని అరిచారు. కుడి చేతికి మచ్చ ఉందేమో, నేనే పొరబడ్డానేమో అనుకున్నాను. అనుకోవడం సుఖంగా ఉంది, అందుకని అనుకున్నాను. మేలో అసలు చేతి వైపు చూడలేదు. చూస్తే అడగాల్సి వస్తుందని చూడలేదు.

జూన్లో మీరు వచ్చి నా బల్ల మీద కొట్టారు. ఆ చేతికి మచ్చ లేదు. మణికట్టు ఎముక పక్కకి పొడుచుకొచ్చి ఉంది.

నేను నోరు విప్పకపోవడానికి కారణం అది. మీ మీద జాలి కాదు. మీ చెయ్యి చూపిస్తే, ఏప్రిల్లో చూసి ఊరుకున్న నా కళ్ళు కూడా బయటపడతాయి. ఒక్క ప్రశ్న, “మాత్రలు రోజూ వేస్తున్నారా? ఎన్ని మిగిలాయి?” అని అడిగి ఉంటే చాలు. మీరు తడబడేవారు. చిన్నమ్మగారిని పిలిపించి చూస్తే బీపీ దిగలేదని ఏప్రిల్లోనే తెలిసేది. ఇంకో మాత్ర కలిపేవాళ్ళం.

విచారణలో తప్పు ఒప్పుకుంటాను. పట్టీ కట్టించుకున్నది ఎవరని అడిగితే గమనించలేదంటాను. అది సగం అబద్ధం. మిగతా సగంతో నేను బతకాలి.

చెల్లెలి పక్షవాతపు చేతి వేళ్ళు రోజూ రెండు పూటలా మెల్లగా విప్పి మూయండి. బిగిసిపోతే తరవాత విప్పలేం.

నర్సు

*

ఇస్త్రీ కొట్టు,
సెప్టెంబరు 20

నర్సమ్మా,

నీ ఉత్తరం మాస్టారు సగం చదివి ఆపాడు. కళ్ళజోడు తుడిచాడు. “ఇక్కడి నుంచి నువ్వే చెప్పమ్మా” అన్నాడు. పది రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇవాళ పిలిచి కూర్చోబెట్టి మిగతాదీ చదివించాను.

ఆ చెయ్యి నాదే.

నీకు మా ఇంటి పద్ధతి తెలియదు. నాది ఎడమ చేతివాటం. ఆ చెయ్యి విరిగాక బరువు పెట్టె నేను ఎక్కువసేపు తొయ్యలేను. అప్పటి నుంచి ఇస్త్రీ దాని పని, వరుసలో నిలబడటం నా పని. నీళ్ళ దగ్గర, కరెంటు ఆఫీసులో, బ్యాంకులో, ఎక్కడ వరుస ఉన్నా దాని బదులు నేనే. నాకు వరుసలో తిరుగు లేదు, ఎవడన్నా మధ్యలో దూరితే వాడి ఏడు తరాలూ కడిగేస్తాను. ఫిబ్రవరిలో లాడ్జి వాళ్ళ దుప్పట్లు పదింటికల్లా ఇవ్వాలి. అది చీటీ పట్టుకుని బయల్దేరుతుంటే నేనే లాక్కున్నాను. “మాత్రలేగా, నేను తెస్తా, నువ్వు పెట్టె చూడు” అన్నాను.

తీరా నా వంతు వచ్చేసరికి నువ్వు తల ఎత్తకుండా “చెయ్యి పెట్టండి” అన్నావు. నాది కాదంటే వెనక్కి పంపిస్తావు. రెండు గంటలు నిలబడ్డాను. పెట్టాను. అక్కచెల్లెళ్ళం, ఒకే పాలు తాగాం, ఎవరి చెయ్యయితే ఏమిటనుకున్నాను. నువ్వు “భేష్! బాగా తగ్గిందమ్మా” అన్నావు. నర్సమ్మా, ఆ మాటకి నా చెల్లెలికి నిజంగా తగ్గినట్టే పొంగిపోయాను. ఇంటికొచ్చి, “నీకు తగ్గిందటే, నర్సు భేష్ అంది” అని చెప్పాను.

అది నా మాట నమ్మింది. నా మాట కాదనడం దానికి చేతకాదు, చిన్నప్పటి నుంచి నేనే అలా పెంచాను. తగ్గింది కదా అని మాత్రలు రోజూ వెయ్యడం మానేసింది. తల పోటెత్తిన రోజు ఒకటి వేసుకునేది. మిగతావి పాత బొత్తాల డబ్బాలో దాచింది, మందు వృథా చెయ్యకూడదని. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ డబ్బా నాకు దొరికింది. కదిలిస్తే గలగలమంది. ఎవరికీ చూపించలేదు. బీరువా వెనక్కి తోసేశాను.

మార్చిలో అది ఒకసారి అడిగింది, “అక్కా, ఈసారి నేను వెళ్ళనా? పొద్దున లేస్తే తల వెనక బరువుగా ఉంటోంది.” నేనేమన్నానో చెప్పనా? “నీ తలకి బరువేముందే, అందులో ఏమన్నా ఉంటేగా” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

జూన్లో పెద్దాసుపత్రి డాక్టరు అడిగినప్పుడే నాకు అర్థమైంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఊరుకుంటే పోయేది, నీ మీదికి ఎగిరాను. ఎందుకంటే నిజం తెలిస్తే ఆ పిల్ల దాన్ని తీసుకుపోతుంది. ఈ గదిలో దాని ఊపిరి వినపడకపోతే నేనేం చెయ్యాలి? డెబ్బై ఒక్కేళ్ళకి కొత్తగా ఒంటరితనం నేర్చుకోనా?

‘దాని వెంట ఒక్కరోజు కూడా రాలేదు’ అని గీత గీయించాను చూడు. అది నిజమే. దానంత సిగ్గుమాలిన నిజం నా నోట ఎప్పుడూ రాలేదు.

నీ తప్పు నీకుంది, నేను తుడవను. కళ్ళున్నదానివి, చూడలేదు. కానీ నా తప్పు కూడా నీ నెత్తిన వేసుకోమని నేను అడగలేదు. విచారణకి నేనూ వాంగ్మూలం పంపుతాను.

ఇస్త్రీ పెద్దమ్మ

*

ఆరోగ్య కేంద్రం క్వార్టరు,
సెప్టెంబరు 28

పెద్దమ్మగారూ,

వద్దు. దండం పెడతాను, పంపకండి. మీ వాంగ్మూలం వచ్చినా నా తప్పు పోదు, కాస్త చిన్నదవుతుంది, అంతే. మీకు మాత్రం ఉన్న ఒక్క మనిషీ దూరమవుతుంది. ఆమెని మీలా తిప్పి, తినిపించి, వేళ్ళు విప్పేవాళ్ళు ఎవరున్నారు? మూడు నెలలు మంచాన ఉన్న మనిషికి ఒక్క పుండు పడలేదంటే అది ఎంత పనో నాకు తెలుసు.

నేనింకా చిన్నదాన్ని. ఉద్యోగం పోతే ఇంకేదో చూసుకుంటాను.

ఆ డబ్బాలో మాత్రలు మాత్రం వాడకండి. కొత్త నర్సుకి ఇచ్చెయ్యండి.

నర్సు

*

ఇస్త్రీ కొట్టు,
అక్టోబరు 14

విచారణ చేసే అధికారికి. నకలు నర్సమ్మకి.

నేను ఇస్త్రీ పెద్దమ్మని, వయసు డెబ్బై ఒకటి. ఈ రోజు వరకు నా ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను తెలివిలో ఉండి, ఎవరి బలవంతం లేకుండా, పైగా ఒకరు వద్దని బతిమాలినా వినకుండా, చెప్పి రాయిస్తున్నది.

ఫిబ్రవరి నుంచి మే వరకు నా చెల్లెలి చీటీ మీద రాసిన అంకెలు నా చేతివి. నర్సు చూసింది నా బీపీ. అది రాసిన అంకెల్లో అబద్ధం లేదు, మనిషిలో ఉంది. ఆ మనిషిని నేను. జూన్లో నేను వేలిముద్ర వేసిన ఫిర్యాదులో ఈ సంగతి దాచాను. తల ఎత్తి చూడని తప్పు నర్సుది, దానికి తగినంత మందలించండి. అంతకు మించి చేస్తే నా వంతు కూడా దాని చేత మోయించినట్టు. ఆ గోడ మీది పట్టికని కూడా ఎవరన్నా మందలిస్తే బాగుంటుంది. మనిషికి మంచి అంకె వస్తే మెచ్చుకున్నారు గాని, అంకెకి మనిషి ఉందా అని మీరూ అడగలేదు.

ఇది పంపే ముందు చెల్లెలి కూతుర్ని పిలిపించి అంతా చెప్పాను. బొత్తాల డబ్బా చేతిలో పెట్టాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. డబ్బా మూత తీసి చూసి, “నా చేత్తో రాయించావు కదా పెద్దమ్మా ఆ ఫిర్యాదు” అంది. అంతే అంది. గురువారం పదింటి బండికి అమ్మని తీసుకెళతానంది. నేను అడ్డం చెప్పలేదు. ఒత్తిగిలించడం, తినిపించడం, మాత్రల వేళలు, నర్సు బీపీ చూసేటప్పుడు చెయ్యి దిండు మీద పెట్టించడం మూడు రోజులుగా నేర్పుతున్నాను. బాగానే నేర్చుకుంటోంది. తిప్పేటప్పుడు కొంచెం తొందర.

ఈ కాగితం మాస్టారు చదువుతుంటే చిన్నది మంచం మీద నుంచి విన్నది. అయ్యాక ఎడమ చేత్తో మంచం కోడు మీద కొట్టింది. “అక్కని… నేనే… పంపా” అంది. రాయమని మళ్ళీ కొట్టింది.

అది అబద్ధం. అది నన్ను ఎన్నడూ పంపలేదు, చీటీ లాక్కున్నది నేను. అధికారిగారు ఆ మాట లెక్కలోకి తీసుకోవద్దు. అయినా రాయించాను. నాలుగు నెలల్లో అది మూడు మాటలు కలిపి చెప్పడం ఇదే మొదలు.

ఇస్త్రీ పెద్దమ్మ వేలిముద్ర.

సాక్షులు:
రాసింది, మేడ మీది టైపు మాస్టారు, సంతకం.
చెల్లెలి కూతురు, బస్సు కండక్టరు, సంతకం.
చెల్లెలు. కుడి చెయ్యి లేవదు కనుక ఎడమ బొటనవేలు. అక్క పట్టుకుని వేయించింది.